అంతర్జాల ఫారములలో దోషయుక్తములైన గడులు, ఫోకస్ నిర్వహణము

అంతర్జాల పుటపై నున్న దరఖాస్తు ఫారమును నింపి సమర్పించునప్పుడు, అందలి గడులలో ఏదేని యొకటి ఖాళీగా విడువబడినను, విహితమైన నియమమునకు విరుద్ధముగా నింపబడినను, ఆ దోషమును గుర్తించి, దాని హేతువును దెలిపి, నింపువారి కర్సరును దృష్టిని వినికిడిని గూడ సరిగా ఆ గడికడకు గొనిపోవు విధానమును ఫోకస్ నిర్వహణమందురు. పుటలో బటనులు, లింకులు, గడులు ఎన్ని యున్నను, కీబోర్డు మీటను నొక్కినప్పుడు ఆ తాకిడిని స్వీకరించు నధికారము ఒక క్షణమున వానిలో ఒక్కదానికే యుండును. ఆ యధికారమే ఫోకస్. గడిలో మిణుకుమనుచు నిలుచు కర్సరును, గడిచుట్టు నేర్పడు రేఖయు దానికి బాహ్యచిహ్నములు. చూపు గలవారికి ఇది సౌకర్యమాత్రముగా దోచవచ్చును గాని, స్క్రీన్ రీడరు పుటను చదువగా విని పనిచేసికొను అంధులకును, మౌసును పట్టజాలక మీటలతోనే పుటను నడపుకొను వారికిని ఫోకస్ ఎచ్చట నున్నదో అచ్చటనే పుట యంతయు నున్నట్లు లెక్క.

నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి, ఆత్మకూరు తాలూకా కచేరీలలో కాగితపు అర్జీలు నడచిన కాలమున, లోపముగల అర్జీపై గుమాస్తా కొర్రీ వేసి త్రిప్పి పంపెడివాడు. ఫలానా గడిలో సర్వే నంబరు లేదని ఆ కొర్రీలో వ్రాసియున్నచో అర్జీదారుని పని యొక పూటలో దీరెడిది. అసంపూర్ణమని మాత్రమే వ్రాసియున్నచో లోపమేదో తెలిసికొనుటకే మరియొక ప్రయాణము తప్పెడిది కాదు. యంత్రము వేయు కొర్రీకిని ఈ భేదమే వర్తించును. ‘వివరములు సరిగా లేవు’ అని పుట శిరోభాగమున నెఱ్ఱని పంక్తిని జూపి, ముప్పది గడులలో తప్పినదేదో చెప్పక యూరకుండు ఫారము తన విధిలో సగమే నెరవేర్చినది. ఆ మిగిలిన సగమును గూర్చినదే ఈ వ్యాసము.

అనంతసాగరము: శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పడమటి భాగమున, ఆత్మకూరు రెవెన్యూ విభాగములో నున్న అనంతసాగరము మండలమును ఈ విషయమునకు నిదర్శనముగా గ్రహించుట యుక్తము. పెన్నానదిపై కట్టబడి, సుమారు 78 టి.ఎం.సి.ల నీటిని నిలుపగల సోమశిల జలాశయము ఈ మండలముననే యున్నది. జీవనము వ్యవసాయాధీన మగుటచే ఇచ్చటి ప్రజలకు ప్రభుత్వముతోడి వ్యవహారము మిక్కిలిగా భూమిని బట్టియు, విద్యార్థుల కవసరమైన ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రములను బట్టియు నడచును. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. 1998లో రిజిస్ట్రేషను శాఖలో ‘కార్డ్’ పథకముచే దస్తావేజులు కంప్యూటరు కెక్కినవి. 2011 నవంబరు 4న ప్రభుత్వ సేవల నందించు మీసేవ వెలసినది. 2015లో మీభూమి పుట భూమి లెక్కలైన అడంగలును 1-బిని అందరికిని జూపనారంభించినది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు ఏర్పడి, డిజిటల్ అసిస్టెంటు అను నుద్యోగి గ్రామములకు వచ్చెను. ఇట్లు నలువది సంవత్సరములలోపుననే కచేరీ అర్జీ తెరమీది ఫారమైనది.

అయితే ఇట్టి మండలములలో ఫారమును నింపువారు వేరు, ఫారము ఎవరిదో వారు వేరు. రైతు బల్ల కీవల గూర్చుండి పట్టాదారు పాసుపుస్తకమును, ఆధార్ కార్డును అందీయగా, మీసేవ ఆపరేటరో డిజిటల్ అసిస్టెంటో ఆవల గూర్చుండి మీటలపై వేగముగా వ్రేళ్ళాడించుచు, టాబ్ మీటతో గడినుండి గడికి బోవుచుండును. తెర రైతునకు గానరాదు. కానవచ్చినను దోషసందేశము తరచుగా ఇంగ్లీషున నుండును. అందుచే దోషవార్త యంత్రమునుండి ఆపరేటరునకును, ఆపరేటరు నోట రైతునకును, రైతు జ్ఞాపకమునుండియో సంచిలోని కాగితమునుండియో మరల ఆపరేటరునకును జేరవలెను. ఈ ప్రయాణములో మొదటి యడుగు కర్సరు సరియైన గడిలో వ్రాలుట. అది తప్పినచో ఆపరేటరు పుటను పైకి క్రిందికి ద్రిప్పుచు వెదకుటతోనే, వెనుక వరుసలో నిలిచినవారి యోపిక సన్నగిల్లును. పాశ్చాత్య గ్రంథములలో ఫారము నింపువాడు ఏకాంతమున, తన కంప్యూటరుముందు, తన వివరములనే నింపునట్లు భావింపబడుచుండును. మన గ్రామములలో ఆ భావన సగమే చెల్లును. సందేశమును వ్రాయువారు అది బిగ్గరగా చదువబడి, చదువురాని వారికి గూడ అర్థముకావలెనని యెంచి వ్రాసినగాని కార్యము సానుకూలపడదు.

పూర్వచరిత్ర: దోషమున్న గడికడకు కర్సరును గొనిపోవు ఆచారము అంతర్జాలముకంటె ప్రాచీనమైనది. 1971లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన 3270 టెర్మినళ్ళలో తెర యంతయు గడులుగా విభక్తమై యుండెడిది. పనివారు గడులన్నిటిని నింపి ఎంటర్ మీటను నొక్కిన పిదపనే ఆ వివరములు దూరముననున్న పెద్ద కంప్యూటరునకు జేరెడివి. అచ్చటి ప్రోగ్రాము దోషమును గనుగొన్నచో, నింపిన విలువలతోడనే ఆ తెరను ద్రిప్పి పంపుచు, కర్సరును దోషము గల గడిలో నిలుపగలిగెడిది. ఆ పెద్ద కంప్యూటరులపై నడచు సి.ఐ.సి.ఎస్. వ్యవస్థలో ప్రోగ్రాము వ్రాయువారు ఆ గడి పొడవును దెలుపు స్థానమున -1 అను సంఖ్య నుంచిన జాలును, కర్సరు తనంతట అచ్చటికి జేరెడిది. ఒక తరమువారు సాధించిన ఈ సౌలభ్యమును తరువాతి తరమువారు మరచి, మరల మొదటినుండి నేర్చుకొనవలసి వచ్చుట కంప్యూటరు విద్యలో అరుదైన విషయము గాదు.

1993లో మొజాయిక్ బ్రౌజరు ఫారములను జూపనారంభించెను. 1995 నవంబరున వెలువడిన హెచ్.టి.ఎం.ఎల్. 2.0 ప్రమాణము వానికి స్థిరరూపము నొసగెను. ఆ తొలినాళ్ళలో పరీక్ష యంతయు సర్వరునందే జరుగుచుండెను. ఫారము పోయి, కొంతసేపటికి క్రొత్త పుట వచ్చి, తప్పున్నదని చెప్పెడిది. కర్సరు మాత్రము పుట ఆరంభమున నుండెడిది, నింపిన గడులు ఒక్కొక్కప్పుడు తుడిచిపెట్టుకొని పోయెడివి. 1995లో నెట్‌స్కేప్ సంస్థయందు బ్రెండన్ ఐక్ రూపొందించిన జావాస్క్రిప్టు భాష ఈ పరీక్షను బ్రౌజరులోనికి దెచ్చెను. దానితో దోషము తత్క్షణమే తెలియనారంభించినను, క్రొత్త యుపద్రవ మొకటి పుట్టెను. గడిని విడిచిన వెంటనే హెచ్చరిక పెట్టెను జూపి, కర్సరును బలవంతముగా ఆ గడికే మరలించు ప్రోగ్రాములు బయలుదేరెను. రెండు గడులకును ఇట్టి కాపలా యున్నచో, మొదటిది తప్పని కర్సరు వెనుకకు మరలును. ఆ మరలుటచేతనే రెండవదానిని విడిచినట్లై, అదియు తప్పని మరియొక హెచ్చరిక వచ్చును. ఇట్లు హెచ్చరికలు పరంపరగా వచ్చుచుండ, నింపువారికి బ్రౌజరును మూసివేయుట దప్ప గత్యంతర ముండెడిది గాదు. దివ్యాంగులకును పుటలు అందుబాటున నుండుటకై యేర్పడిన సుగమత్వ ప్రమాణములు నిషేధించు కీబోర్డు ఉచ్చులలో నిదియు నొకటి.

2006 నాటి జేక్వెరీ వ్యాలిడేషన్ అను నుపకరణమును జోర్న్ జేఫరర్ రచించెను. సమర్పణ విఫలమైనప్పుడు, అంతకుముందు నింపువారు ఏ గడిలో నుండిరో అది దోషయుక్తమైనచో దానినే, కానిచో మొదటి దోషపు గడిని ఫోకస్‌లోనికి దెచ్చు పద్ధతిని దానియందు సహజముగా నమర్చెను. వేలకొలది పుటలలో ఈ పద్ధతి వ్యాపించుటకు ఆ చిన్న యమరికయు నొక కారణము. అంతకుముందే ఓపెరా సంస్థకు జెందిన ఇయాన్ హిక్సన్ సంపాదకత్వమున సిద్ధమైన వెబ్ ఫారమ్స్ 2.0 ప్రతిపాదన 2005లో ప్రమాణసంస్థ ముందుంచబడి, కాలక్రమమున హెచ్.టి.ఎం.ఎల్. 5లో లీనమయ్యెను, 2014 అక్టోబరు 28న అది ప్రమాణముగా ఆమోదింపబడెను. దాని ననుసరించి గడి తప్పనిసరియని, అందు ఇట్టి అక్షరక్రమమే యుండవలెనని, ఈ సంఖ్యల నడుమనే యుండవలెనని పుటలోనే వ్రాయవచ్చును. నియమభంగమైనచో బ్రౌజరే మొదటి దోషపు గడికి ఫోకస్‌ను దరలించి, ఒక చిన్న బుడగలో కారణమును జూపును.

కార్యవిధానము: బ్రౌజరు చేయు నీ పని మంచిదే యైనను పరిపూర్ణము గాదు. బుడగ కొంతసేపటికి మాయమగును. అందలి భాష బ్రౌజరు భాషయే గాని పుట భాష గాదు, కావున తెలుగు ఫారములో ఇంగ్లీషు సందేశము వెలయును. ఒక్క దోషమే చూపబడును, దానిని దిద్దిన పిదప రెండవది, అటుపిమ్మట మూడవది. అందుచే శ్రద్ధగల నిర్మాతలు బ్రౌజరు పరీక్షను మాన్పించి, తామే దోషములను వెదకి, సందేశములను గడులప్రక్కనే వ్రాసి, మొదటి గడిని స్వయముగా ఫోకస్‌లోనికి దెత్తురు. పైకి సులభమైన ఈ పనియం దనేక సూక్ష్మములు గలవు.

మొదటి గడి యనగా కంటికి మొదటిదా, పుట మూలములోని వరుసలో మొదటిదా? అలంకరణ నియమములచే ఒక గడి కంటికి పైన గానవచ్చుచు మూలములో క్రిందనుండుట సాధ్యము. అప్పుడు కర్సరు నడుమనున్న గడికి దూకి, పైనున్న దోషము వెనుక మిగిలిపోవును. దోషయుక్తములన్నిటిలో మొదటిదానిని దెమ్మని బ్రౌజరు నడిగినచో, కొన్నిమారులు గడికి బదులు గడుల సముదాయమును జుట్టియున్న చట్రము దొరకును. లోని గడి చెడియున్నచో చట్రమును చెడినట్లే లెక్క. చట్రమునకు ఫోకస్‌ను స్వీకరించు శక్తి లేదు గావున, ఏమియు జరుగదు, ఏ ఫిర్యాదును రాదు. ఇంతకంటె బాధాకరమైనది దాగిన గడి. భార్య లేక భర్త పేరును గోరు గడి, వివాహితులు కారని ఎంచుకొనినప్పుడు తెరనుండి దాచబడును గాని, అది తప్పనిసరియను నియమము తొలగింపబడక మిగిలిపోవచ్చును. అప్పుడు బ్రౌజరు ఖాళీగానున్న యా గడికి ఫోకస్ నీయజూచి, అది తెరపై లేకపోవుటచే ఈయజాలక, ఫారమును సమర్పించుటకును నిరాకరించును. ఆపరేటరు బటనును ఎన్నిమారులు నొక్కినను పుట నిశ్చలముగా నుండును. కారణము నిర్మాతలకు మాత్రమే గానవచ్చు కన్సోలు కిటికీలో వ్రాయబడి యుండును. ఇట్టి సందర్భములలోనే జనులు సర్వరు పనిచేయుటలేదని నిశ్చయించుకొని వెడలిపోవుదురు.

ఫోకస్ చేరినంతమాత్రమున గడి కంటబడునను నమ్మకము లేదు. పుట పైభాగమున కదలక నిలుచు శీర్షికపట్టీ యున్నచో, దానిక్రిందనే గడి దాగును. చేతిఫోనులో మీటల పలక పైకివచ్చి గడిక్రింద వ్రాసిన దోషసందేశమును గప్పివేయును. కావున సందేశమును గడికి పైన, శీర్షికనామమునకు దిగువను వ్రాయుట చిన్న తెరలపై శ్రేయస్కరము. స్త్రీ, పురుషుడు అను నెంపికలవంటి గుండ్రని బటనుల సముదాయమున దోషమున్నచో ఫోకస్ సముదాయములోని మొదటి బటనుపై వ్రాలవలెను. అన్ని గడులును సరిగా నిండువరకు సమర్పణ బటనును జడముగా నుంచు పద్ధతి యొకటి నేడు ప్రబలియున్నది. నా యభిప్రాయమున ఇది దోషనిర్వహణము గాదు, దోషగోపనము. నొక్కుటకు వీలులేని బటను తన జడత్వమునకు గల కారణమును జెప్పదు, స్క్రీన్ రీడరుతో మీటలపై నడచువారికి సాధారణముగా అది తగులనే తగులదు.

మొదటి గడికి బదులు దోషముల పట్టికకు ఫోకస్ నిచ్చు సంప్రదాయము వేరొకటి గలదు. బ్రిటిషు ప్రభుత్వపు జి.ఒ.వి.యు.కె. రూపకల్పన వ్యవస్థ దీనిని ప్రసిద్ధము చేసినది. ఫారము విఫలమైనప్పుడు పుట శిరోభాగమున ‘సమస్య యున్నది’ అను శీర్షికతో పట్టిక యేర్పడును. ఫోకస్ దానిపై నిలుచును. పట్టికలోని ప్రతి పంక్తియు తనకు సంబంధించిన గడికి లింకై యుండును. బ్రౌజరు పైనున్న పుటనామము మొదటనే దోషమను మాట చేరును. పొడవైన ఫారములలో ఇది మేలు, ఏలన ఎన్ని దోషములున్నవో మొదటనే తెలిసిన ఆపరేటరు రైతును ఒక్కమారే అన్ని కాగితములు నడుగవచ్చును. రెండు మూడు గడులు గల చిన్న ఫారమునకు మాత్రము పట్టిక యనవసరపు మెట్టు. నేరుగా గడికి బోవుటయే తగును.

పరీక్షాకాలము: ఎప్పుడు పరీక్షింపవలెనను ప్రశ్నకు ఏకాభిప్రాయము లేదు. ల్యూక్ రొబ్లెవ్‌స్కీ 2009లో ప్రకటించిన పరిశోధనమున, ఇరువదియిద్దరచే ఫారములను నింపించి చూడగా, గడిని విడిచినవెంటనే ఫలితమును దెలుపు విధానమున సాఫల్యము 22 శాతము పెరిగి, కాలము 42 శాతము తగ్గెను. పాల్గొన్నవారు స్వల్పసంఖ్యాకులు గావున ఆ యంకెలను సర్వత్ర వర్తింపజేయరాదు. అదే పరిశోధనమున, గడిని నింపుచుండగనే ప్రతి యక్షరమునకును తప్పు తప్పని చెప్పుట నింపువారిని చికాకుపరచునని గూడ వెల్లడియైనది. ఆధార్ సంఖ్యలో మూడంకెలు వేసినంతనే గడి యెఱ్ఱబారుట తొందరపాటు. పండ్రెండును వేసి గడిని విడిచిన పిదప చెప్పుట న్యాయము. ఒకమారు తప్పని చెప్పిన పిదప, దిద్దుచుండగనే ఎఱుపును తొలగించుట ఔదార్యము. మునుపు పుట తెరచినంతనే ఖాళీగా నున్న తప్పనిసరి గడులన్నియు దోషయుక్తములుగా రంగు మారుచుండెడివి. నింపువారు ముట్టిన గడులకే ఆ రంగు వర్తించునట్లు చేయు క్రొత్త సూత్రము 2023 నాటికి ప్రధానమైన బ్రౌజరులన్నిటను ప్రవేశించినది. గడిని విడిచినప్పుడు సందేశము చూపవచ్చును గాని, కర్సరును వెనుకకు లాగరాదు. లాగుట సమర్పణకాలముననే తగును, ఏలన అప్పుడు నింపువారు తాము ముగించితిమని స్వయముగా ప్రకటించిరి.

వినువారి కొఱకు: ఫోకస్ చేరినప్పుడు స్క్రీన్ రీడరు గడి పేరును జదువును, అంతకుమించి జదువవలెనన్న పుటలో ఆ సంబంధమును వ్రాసియుంచవలెను. 2014 మార్చి 20న ప్రమాణమైన ఏరియా (ARIA) అను సంకేతములు ఇందుకు పుట్టినవే. గడి దోషయుక్తమని ఒక సంకేతము చెప్పును. దోషసందేశము ఫలానాచోట నున్నదని మరియొకటి చెప్పును. అప్పుడు ‘సర్వే నంబరు, సవరించు గడి, చెల్లని విలువ, అంకెలును గీతయు మాత్రమే వ్రాయవలెను’ అని యంత్రము ఒక్క యూపిరిలో వినిపించును. గడిచుట్టు ఎఱ్ఱగీత గీసి యూరకుండుట వీరికి శూన్యము, వర్ణాంధులకును అంతియే. 1989లో టెడ్ హెంటర్ ప్రారంభించిన జాస్ అను స్క్రీన్ రీడరు మూల్యము హెచ్చైనదిగా నుండగా, 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కర్రన్ ఆరంభించిన ఎన్.వి.డి.ఎ. ఉచితమై, మన దేశమున అంధవిద్యార్థులకును ఉద్యోగులకును మిక్కిలి చేరువైనది. ఒకే పుటను ఈ రెండును ఒకే రీతిగా జదువవు గావున నిర్మాతలు రెంటను విని చూడవలెను. గడులకు పేర్లే లేని పుటలలో ఈ శ్రమ యంతయు వ్యర్థము. పది లక్షల ప్రధాన పుటలను ఏటేట పరీక్షించు వెబ్‌ఎయిమ్ సంస్థ దాదాపు సగము పుటలలో పేరు లేని గడులను గనుగొనుచున్నది.

తెలుగు గడులు: ఇంతవరకు జెప్పినది సర్వభాషలకును సామాన్యము. తెలుగు లిపిలో నింపబడు గడులకు మాత్రము ప్రత్యేకములైన చిక్కులు గలవు, వానిలో అధికభాగము నిర్మాతల యజ్ఞానముచే బుట్టినవే. అనంతసాగరం అను పేరును జూడుడు. కంటికిని నోటికిని అవి ఆరక్షరములు, యూనికోడు లెక్కలో తొమ్మిది సంకేతములు, ఏలన సున్నలును దీర్ఘమును వేరువేరుగా లెక్కింపబడును, యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో నిలువజేసినప్పుడు ఒక్కొక్క సంకేతమునకు మూడు చొప్పున ఇరువదియేడు బైటులు. ‘శ్రీ’ యను నొక్క యక్షరమే నాలుగు సంకేతములు. గడిలో ఇరువది యక్షరములకు మించరాదని నియమించిన నిర్మాత ఈ మూటిలో దేనిని లెక్కించుచున్నాడో చెప్పనిచో, పేరు సగములో నిలిచిపోయినవారికి తమ తప్పేమో యెన్నటికిని బోధపడదు. బ్రౌజరు సంకేతములను లెక్కించి సరియనగా, సర్వరు బైటులను లెక్కించి కాదనుటయు కలదు.

పేరులో అక్షరములు మాత్రమే యుండవలెనను నియమము ఇంకను విచిత్రమైన ఫలితము నిచ్చును. ఇంగ్లీషు అక్షరములను మాత్రమే యంగీకరించు నియమము తెలుగు పేరును పూర్తిగా త్రోసిపుచ్చును, అది స్పష్టమే. యూనికోడు ననుసరించి సర్వభాషల యక్షరములను స్వీకరింతుమని యుదారముగా వ్రాసిన నియమము గూడ అచ్చులను, హల్లులను అక్షరములుగా నొప్పుకొని, గుణింతపు గుర్తులను, పొల్లును, సున్నను ‘చిహ్నములు’ అను వేరు వర్గమున జేర్చుటచే, గుణింతము లేని పేరునే మన్నించును. ‘కమల’ చెల్లును, ‘సీత’ చెల్లదు. చిహ్నవర్గమును గూడ నియమమున జేర్చిన గాని దోషము తీరదు. కొన్ని పొల్లు హల్లులను సంయుక్తముగాక విడిగా జూపుటకై మధ్య నుంచబడు అదృశ్యచిహ్న మొకటి గలదు. వేరొకచోటినుండి నకలు తెచ్చి అతికించిన పేరులో అది దాగియుండి, గడిని దోషయుక్తము చేయును. కంటికి గానరాని చిహ్నము తప్పని యంత్రము చెప్పినప్పుడు, కర్సరు సరిగా ఆ గడిలోనే వ్రాలినను నింపువారు చేయగలిగిన దేమి? ఇట్టివానిని దోషమని చెప్పక, సర్వరే నిశ్శబ్దముగా తొలగించుట నిర్మాత ధర్మము. అట్లే, తెలుగు అంకెలలో వ్రాసిన సర్వే నంబరును యంత్రము సాధారణముగా అంకెగా గుర్తింపదు. దానిని మార్చుకొని గ్రహించుట ఒక్క పంక్తి పని. ఆధార్ సంఖ్యను కార్డుపై నున్నట్లు నాలుగేసి యంకెల విరామముతో వ్రాసినందుకు శిక్షింపరాదు.

మన పేర్ల తీరు వేరొక చిక్కు. ఇంటిపేరు ముందు వచ్చు మనకు, ‘చివరి పేరు’ తప్పనిసరియను గడి వచ్చినప్పుడు కొందరు ఇంటిపేరును, కొందరు తమ సొంత పేరులోని రెండవ భాగమును, కొందరు ఒక చుక్కను నింపుదురు. మూడును ఫారము దృష్టిలో చెల్లును, ఆధార్‌తో సరిపోల్చునప్పుడు రెండు చెల్లవు. ఊరిపేరును ఇంగ్లీషున వ్రాయునప్పుడు అనంతసాగరములోని తకారమునకు ఒకరు టి యను నక్షరమును మాత్రమే యుంచగా, మరియొకరు దానికి హెచ్‌ను జేర్తురు. వ్రాయుటకు బదులు జాబితానుండి ఎంపిక చేయించుట దీనికి విరుగుడు. మీభూమి పుటలో జిల్లాను, పిమ్మట మండలమును, పిమ్మట గ్రామమును వరుసగా నెంచుకొను పద్ధతి యిట్టిదే. ఒకదానిపై నొకటి యాధారపడిన ఇట్టి జాబితాలలో పైదానిని మార్చినచో క్రిందివి ఖాళీ యగును. అది తెలియక సమర్పించువారికి ఫోకస్‌ను మార్చబడిన జిల్లాపై గాక, ఖాళీయైన మొదటి జాబితాపై నిలుపవలెను.

పరీక్షకు లోబడని తప్పులు: ఆధార్ సంఖ్యలోని చివరి యంకె, డచ్చి గణితజ్ఞుడు యాకోబస్ వెర్‌హోఫ్ 1969లో ప్రకటించిన సూత్రము ననుసరించి, ముందున్న పదునొకండంకెలనుండి పుట్టినది. ఒక్క యంకె తప్పినను, ప్రక్కప్రక్కనున్న రెండంకెలు తారుమారైనను ఆ సూత్రము పట్టివేయును. సర్వరు నడుగ నక్కరలేకయే బ్రౌజరు ఆ గడిలో కర్సరును నిలుపగలదు. కాని తండ్రి ఆధార్‌కు బదులు కుమారుని ఆధార్ నిచ్చినచో సూత్రమునకు అది నిర్దోషము. ఆత్మకూరను పేరు గల ఊరు నెల్లూరు జిల్లాలోనే గాక అనంతపురము, నంద్యాల జిల్లాలలోను, తెలంగాణమునను గలదు. జాబితాలో వేరొక ఆత్మకూరు నెంచుకొన్నవారిని ఏ ఫారమును తప్పుపట్టజాలదు. ఇట్టివానికి గడికి గడి పరీక్ష చాలదు. సమర్పణకు ముందు నింపినదంతయు ఒకచోట జూపి, ఆపరేటరు బిగ్గరగా చదువగా దరఖాస్తుదారు విని యౌననునట్లు చేయుటయే యుపాయము. న్యాయ, ధనసంబంధములైన ఫారములకు ఇట్టి పునఃపరిశీలనము గాని, సమర్పణను రద్దుచేయు వీలు గాని, దోషపరీక్ష గాని యుండవలెనని 2008 నాటి సుగమత్వ ప్రమాణము గూడ విధించుచున్నది.

శాసనములు: డబ్ల్యు.సి.ఎ.జి. అను పేర ప్రసిద్ధమైన ఆ ప్రమాణము యొక్క మొదటి కూర్పు 1999లోను, రెండవది 2008 డిసెంబరు 11నను, 2.1 కూర్పు 2018లోను, 2.2 కూర్పు 2023 అక్టోబరు 5నను వెలువడెను. దోషము గల గడిని గుర్తించి మాటలలో దెలుపుట, ఫోకస్ వరుస యర్థవంతముగా నుండుట, ఫోకస్ కంటికి గానవచ్చుట, ఫోకస్ చేరినంతమాత్రమున పుట తలక్రిందులు గాకుండుట ఇందలి నియమములు, 2.2 కూర్పున ఫోకస్ గల యంశమును వేరే పట్టీలు పూర్తిగా గప్పరాదనియు చేర్చిరి. మొదటి గడికే ఫోకస్ నిమ్మని మాత్రము ఏ నియమమును శాసింపలేదు. మన దేశమున ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శక సూత్రములు 2009లో తొలుత వెలువడి, 2023లో మూడవ కూర్పును బొందినవి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము వానికి బలమిచ్చినది. ఆ చట్టముక్రింది 15వ నియమము ప్రమాణములను సలహాలుగా మాత్రమే విడుచుట చట్టమునకు విరుద్ధమని సర్వోన్నత న్యాయస్థానము 2024 నవంబరు 8న తీర్పు చెప్పెను. 2025 ఏప్రిల్ 30న, ఆమ్లదాడికి లోనైనవారును దృష్టిలోపము గలవారును వేసిన పిటిషనులపై, డిజిటల్ సేవలను బొందుట జీవనహక్కులో నంతర్భాగమని ఆ న్యాయస్థానమే నిర్ణయించెను. కంటిని రెప్పవేయుమని యడుగు గుర్తింపు ఫారములు రెప్పలే లేనివారిని దోషులుగా నెంచుట ఆ వ్యవహారమునకు మూలము.

సర్వరు పాత్ర: బ్రౌజరులోని పరీక్ష యెంత చక్కనిదైనను, నమ్మదగినది సర్వరు పరీక్షయే, బ్రౌజరును దాటివచ్చు మార్గము లనేకములు. కావున సర్వరు దోషమును గనిపెట్టినప్పుడు గూడ పుట అదే క్రమమున ప్రవర్తింపవలెను. నింపిన విలువలు నిలుపబడవలెను. అప్పటికే యెక్కించిన ఫోటోలును స్కాను పత్రములును మరల కోరబడరాదు. దరఖాస్తుదారు ఫోనునకు వచ్చిన ఓ.టి.పి. గడువు దీరినచో ఆ సంగతినే చెప్పి, క్రొత్త సంఖ్యను గోరు బటనుపై ఫోకస్ నుంచవలెను గాని, ‘చెల్లని వివరము’ అని చెప్పి ఊరకుండరాదు. జవాబు వచ్చుటకు ఆలస్యమగుచున్నప్పుడు ఆపరేటరు వేరొక గడిని దిద్ద మొదలిడియుండవచ్చును. అట్టివేళ వచ్చిన దోషవార్త కర్సరును హఠాత్తుగా లాగికొనక, స్క్రీన్ రీడరునకు వినబడు ప్రకటనముగా మాత్రమే యుండుట మర్యాద.

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ‘మన మిత్ర’ అను పేర వాట్సాప్ ద్వారా సేవలను ప్రారంభించినది. సంభాషణరూపమున ఒక్కొక్క ప్రశ్నయే యడుగబడునప్పుడు తప్పు జవాబునకు అదే ప్రశ్న మరల వచ్చును, కర్సరును వెదకవలసిన పని లేదు. అయితే ఆరవ ప్రశ్నయొద్ద రెండవ జవాబు తప్పని తెలిసినచో వెనుకకు బోవు దారి సుకరముగా నుండదు. సంభాషణమునందు గూడ బహుసంఖ్యాకములైన గడులు గల ఫారము తెరచుకొను సౌకర్యము వచ్చినది గావున, పైని జెప్పిన సూక్ష్మములన్నియు అందును మరల తలయెత్తుచున్నవి.